రిజిస్టరు కాని నర్సు

పోయిన సంవత్సరం జూన్ తొమ్మిది, సోమవారం. ఆ పిల్ల ఆదోని నుంచి పదకొండు నలభైకి తిరిగి వచ్చింది. పొద్దున ఎనిమిదింపావు బస్సుకు వెళ్తూ, ఉద్యోగం ఇస్తే ఈ రోజే చేరమంటారేమో, సాయంత్రం దాకా ఎదురు చూడొద్దని తల్లికి చెప్పి వెళ్ళింది. అలాంటిది మధ్యాహ్నం కాకముందే ఎమ్మిగనూరులో మా వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లకోటు మడత విప్పకుండానే ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమైంది పాపా? ఉద్యోగం ఇయ్యలేదా?" అన్నాను.

"నువ్వు నర్సే కాదన్నారవ్వా."

"ఎవరన్నది?"

"ఆస్పత్రి ఆఫీసులో సారు. నీ కౌన్సిల్ నంబరు యాడుంది అన్నాడు. అదేంది సార్ అంటి. నవ్వినాడు. పక్క రూములోంచి ఇంగొకాయన్ను పిలిచి, 'సూడప్పా, ఈ పాప కూడా ఆ మేడ మీద కాలేజీ సరుకే' అన్నాడు."

ఆదోనిలో సరుకు అంటే మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి, వేరుశనగ. తేమ ఎంతుందో చూసి, చేత్తో నలిపి, పక్కకు నెట్టేది సరుకు. ఇరవై ఏళ్ళ పిల్లను పట్టుకుని ఆ మాట అన్న మనిషి మీద నాకు కోపం వచ్చింది. అయితే ఆ కోపం ఆ రోజు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అంతకంటే పెద్ద కోపం ఒకటి, నా మీద నాకే, వచ్చి దాన్ని పక్కకు తోసింది.

ఆ పిల్లది మా వీధిలో నాలుగో ఇల్లు. తండ్రి మగ్గం నేస్తాడు. తల్లి కండెలు చుడుతుంది. ఇంటర్ బైపీసీలో పిల్లకు వెయ్యికి ఆరువందల ఎనభై రెండు వచ్చాయి, అంటే నూటికి అరవై ఎనిమిది పాయింట్ రెండు. ఫలితాలు వచ్చిన రోజు ఆ లెక్క వేసి చెప్పింది నేనే. నర్సు కావాలన్న కోరిక మాత్రం ఆమెదే. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ మంచం పట్టినప్పుడు, తొమ్మిదో తరగతి పిల్ల, బడికి వచ్చే ముందు ఆమెకు కట్టు మార్చి వచ్చేది.

మా వీధిలో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా మా ఇంటికి వస్తుంది. ముప్పై మూడేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. అక్షరం తప్పితే ఒప్పుకోనని పేరు. దానికి రెండేళ్ళ ముందు, అలాంటి జూన్ నెలలోనే, తండ్రీ కూతుళ్ళు ఒక రంగుల కరపత్రం తెచ్చి నా చేతికిచ్చారు. తెల్లటోపీ పెట్టుకున్న అమ్మాయి బొమ్మ. కింద రెండేళ్ళ నర్సింగ్ డిప్లొమా. నూటికి నూరు ఉద్యోగాలు. ఆ పైన పెద్ద అక్షరాలతో, 'గవర్నమెంట్ రిజిస్టర్డ్'. పక్కనే ఒక నంబరు, ఒక సంవత్సరం.

తండ్రి నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "టీచరమ్మా, ఇది రిజిస్టరైందేనా?"

"అయింది. నంబరు కూడా వేసినారు" అన్నాను.

"ఇంగేం మళ్ళ. రిజిస్టరైతే సాలు."

ఆ మాట మా వైపు ఎంత బలమైనదో తెలిస్తే గానీ మా తప్పు అర్థం కాదు. నందవరం పక్కన అర ఎకరం మెట్ట కొన్నా, ఊరి చివర రెండు సెంట్ల స్థలం కొన్నా, ఇక్కడ మనుషులు అడిగేది ఆ ఒక్కటే. ఒప్పందం కాగితం రాసుకున్నారా, పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టారా అన్నవన్నీ ఉత్తవి. రిజిస్టరు ఆఫీసులో వేలిముద్ర వేసి బయటికి వచ్చామంటే ఆ నేల మనది. అన్నదమ్ములు కూడా కదిలించలేరు. రిజిస్టరు అనేది మాకు ఒక ఆఫీసు పేరు మాత్రమే కాదు, ఇక భయపడక్కర్లేదు అని దాని అర్థం. నేల కొనేవాడు అడిగే ప్రశ్నే ఆ తండ్రి కూతురి చదువుకు అడిగాడు. ఆయన అడగడంలో తప్పు లేదు. ఏది రిజిస్టరైంది, ఎక్కడ అయింది, దేనికి అయింది అని నేను ఎదురు అడగకుండా జవాబు చెప్పాను. పిల్లల పరీక్ష కాగితాల్లో కర్త లేని వాక్యానికి ఎర్రగీత పెట్టినదాన్ని, కర్త లేని ఆ రెండు మాటల దగ్గర గీత పెట్టలేదు.

మరుసటి రోజు మంగళవారం, నా పాత విద్యార్థిని ఒకామెకు ఫోను చేశాను. ఆమె ఆదోనిలో ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. విషయమంతా విని ముందు నన్నే ఆటపట్టించింది.

"టీచర్, మీరేనా ఈ మాట అడుగుతాండేది? సంధి విడదీయలేదని నన్ను గంటసేపు గోడ పక్కన నిలబెట్టినారు. మీరే 'రిజిస్టర్డ్' చూసి పడిపోయినారా?"

"పడిపోయినాను. ఎట్ల పడినానో చెప్పు."

"చెప్తా. మూడుండాయి టీచర్. సంస్థ రిజిస్టరు కావడం ఒకటి. కోర్సుకు గుర్తింపు ఉండటం ఇంగొకటి. మనిషి రిజిస్టరు కావడం మూడోది. మొదటిది ఎవురికైనా అయితాది. ఏడుగురు చేరి సంఘం పెట్టుకుంటే చాలు. భజన సంఘానికీ ఉంటాది ఆ నంబరు. ఆ కరపత్రంలో వేసుకున్నది అదే. రెండోది వాళ్ళకు లేదు. రెండోది లేకపోతే మూడోది రాదు."

"అయితే పాప చేతిలో ఉన్న డిప్లొమా?"

"కాగితం బాగుంటాది టీచర్. బంగారు అంచు ఉంటాది. నాదానికి కూడా లేదు అంత అంచు."

నేను నవ్వలేదు. ఆమె నవ్వడం మానేసి నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పదోతరగతి పంతులమ్మకు చెప్పినట్టు కాదు, మూడో తరగతి పిల్లకు చెప్పినట్టు చెప్పింది. నాలుగేళ్ళు నర్సింగ్ డిగ్రీ చదివినా, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కకపోతే వార్డులో నర్సుగా పనిచేయకూడదట. తనకు డిగ్రీ లేదు, మూడేళ్ళ డిప్లొమాయే. అయినా అది గుర్తింపు ఉన్న కోర్సు, తన పేరు రిజిస్టరులో ఉంది, కాబట్టి తాను నర్సు. చదువు పూర్తిచేశావని చెప్పే కాగితం వేరు. పని చేయనిచ్చే కాగితం వేరు. మర్యాదకు జనం పిలిచే పిలుపు వీటి రెండింటితోనూ సంబంధం లేనిది.

"మా సూపరింటెండెంటు గారు డాక్టరు. కాలేజీలో చరిత్ర మీద పరిశోధన చేసినాయనా డాక్టరే. మా పక్కవీధిలో సైకిలు మీద తిరిగి సూదులేసే ఆయన్ను కూడా డాక్టరే అంటారు టీచర్. పిలుపుకేముంది? జ్వరమొచ్చినప్పుడు ఎవరి దగ్గరికి పోవల్లనేది తెలియాల గానీ."

చివరికి అసలు సంగతి చెప్పింది. మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమాకు ప్రభుత్వం వాళ్ళ దరఖాస్తులు ఇరవయ్యో తేదీ శుక్రవారంతో ఆఖరు. దరఖాస్తు కర్నూలులో ఇవ్వాలి, దాంతోపాటు పదోతరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు అసలువి చూపాలి. ఆ అరవై ఎనిమిది పాయింట్ రెండుకు సీటు రావచ్చు. ఈ సంవత్సరం తప్పితే మళ్ళీ వచ్చే సంవత్సరమే.

"అసలు కాగితాలు పాప దగ్గరే ఉండాయి గదా?" అంది.

లేవు. చేరిన రోజే అన్నీ ఆ మేడ మీది కాలేజీవాళ్ళు తీసుకున్నారు. రసీదు ఇవ్వలేదు. పది రోజుల్లో ఆ కాగితాలు రాకపోతే ఆ పిల్ల మూడో సంవత్సరం కూడా పోతుంది. మూడేళ్ళు పోయాక ఇరవై ఒకటో ఏట ఏ మగ్గం ఇంట్లోనైనా పిల్లను మళ్ళీ చదువుకు పంపుతారా? వాళ్ళమ్మ అప్పటికే సంబంధాల మాట ఎత్తుతోంది.

నేనిక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నా కోపం మరీ ఎక్కువనిపిస్తుంది.

నాది భాషాప్రవీణ. తర్వాత పండిత శిక్షణ. కావ్యాలు, వ్యాకరణం, ఛందస్సు, సంవత్సరాల తరబడి చదివి పరీక్షకు ఎనిమిది పత్రాలు రాశాను. మా ఆఫీసు కాగితాల్లో దాని పేరు 'టైటిల్'. అది డిగ్రీ కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు డిగ్రీతో సమానమన్నారు. హెడ్‌మాస్టరు పదోన్నతి వచ్చినప్పుడు సమానం కాదన్నారు. సమానమన్న ఉత్తర్వు, కాదన్న ఉత్తర్వు, రెండూ నా ఫైల్లో ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. నాకంటే పదకొండేళ్ళు చిన్న, నా చేతి కింద తెలుగు చదువుకున్న లెక్కల మాస్టరు హెడ్‌మాస్టరయ్యాడు. మంచివాడే. నాకు కుర్చీ వేసేవాడు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. పాతికేళ్ళు ఈ తేడాలతో తన్నులు తిన్నదాన్ని, ఏ కాగితం ఎక్కడ చెల్లుతుందో ఎక్కడ చెల్లదో నాకు తెలిసినట్టు మా మండలంలో ఎవరికీ తెలియదనుకున్నదాన్ని, ఇంకొకరి కాగితం దగ్గరికి వచ్చేసరికి రంగులు చూసి ఊరుకున్నాను. ఇంత తెలిసీ చేసిన తప్పును తెలియక చేసిన తప్పు అని ఎట్లా అనను?

బుధవారం పదకొండో తేదీ ఆ పిల్లను తీసుకుని ఆదోని వెళ్ళాను. మార్కెట్ యార్డు వైపు రోడ్డులో విత్తనాల అంగడి, దాని మేడ మీద కాలేజీ. మెట్లు పంతొమ్మిది. పురుగుల మందు వాసన పైదాకా వస్తుంది. ఆఫీసు అమ్మాయి, సారు లేడు, శుక్రవారం రమ్మంది. శుక్రవారం పదమూడున పదిన్నరకు మళ్ళీ వెళ్ళాం. ఆయన ఉన్నాడు. బల్ల మీది పలకలో పేరుకు ముందు 'డా.' అని ఉంది.

"రండమ్మా, కూర్చోండి. ఏం పాపా, బాగుండావా? సిస్టర్ అయిపోయినావు!" అన్నాడు.

"సిస్టర్ కాలేదు. దాని కోసమే వచ్చినాను" అన్నాను. "ముందు ఇది చెప్పండి. మీరు ఏ డాక్టరు?"

"గౌరవ డాక్టరేటమ్మా. సమాజ సేవకు ఇచ్చినారు."

"ఎవరు?"

"బెంగుళూరులో ఇచ్చినారు. పెద్ద ఫంక్షను చేసినారు, శాలువా కప్పి."

"నేనడిగింది ఊరు కాదు. విశ్వవిద్యాలయం పేరు."

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "మీరు ఏం చేస్తారమ్మా?"

"రిటైరైన టీచరును. తెలుగు."

"అదీ సంగతి. తెలుగు టీచర్లకు మెడికల్ లైను అర్థం కాదులెండి" అని నవ్వాడు.

నేను ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగాను. ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాకే ఇస్తామన్నాడు. రెండేళ్ళూ ఈ పిల్లల్ని చిన్న చిన్న ఆసుపత్రులకు పంపి రాత్రీ పగలూ చాకిరీ చేయించి, దానికి ప్రాక్టికల్ అని పేరు పెట్టాడు. ఇంకా ఆరు నెలలు కావాలట.

"ఆ నిబంధన ఎక్కడ రాసి ఉందో చూపించండి."

"అన్నీ రాస్తే ఎట్లమ్మా? నమ్మకం మీద నడిచే సంస్థ ఇది."

"గుర్తింపు కాగితం చూపించండి. రిజిస్ట్రేషను కాదు, గుర్తింపు. నర్సింగ్ కోర్సు చెప్పడానికి మీకు ఎవరు అనుమతి ఇచ్చినారో ఆ కాగితం."

"అమ్మా, మాది గవర్నమెంట్ రిజిస్టర్డ్."

"భజన సంఘం కూడా రిజిస్టర్డే!"

పిల్ల నా చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన గడియారం చూసుకుని, అడ్మిషన్ల టైము, బయట జనం ఉన్నారు, వచ్చే నెల కనపడండి అన్నాడు. నేను లేచాను. మెట్లు దిగడానికి లేవలేదు. ముందు గదిలో కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ ఉంది. అక్కడికి వెళ్ళి కూర్చున్నాను. బల్ల మీద దొంతరగా పెట్టిన కరపత్రాల్లో ఒకటి తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను.

నా పక్కన హొళగుంద నుంచి వచ్చిన భార్యాభర్తలు, వాళ్ళ కూతురు. ఆమె మాటలో సగం కన్నడం. అమ్మా, ఇందులో ఏముందో చదివి చెప్తావా అని నన్నే అడిగింది. కావాలని వెళ్ళి నేను మొదలుపెట్టలేదు. నా పని నా దగ్గరికే వచ్చింది. తరగతిలో చదివినట్టు, గది చివర ఉన్నవాళ్ళకూ వినపడేలా చదివాను. 'రిజిస్టర్డ్' దగ్గర ఆగి, ఆ మాటకు అర్థం చెప్పాను. నర్సు కావాలంటే కోర్సుకు గుర్తింపు, మనిషికి రిజిస్ట్రేషను కావాలని, ఇక్కడ ఆ రెండూ లేవని చెప్పాను.

"నిజానా అమ్మా?" అందామె. "మా ఊరి పాప ఒకతి ఈడనే సదివి బళ్ళారిలో నర్సు పని చేస్తాండాది గదా!"

"ఫోను చేసి అడగండి. హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన ఏమని రాసినారో అడగండి."

భర్త అప్పటికప్పుడు ఫోను చేశాడు. అవతలి పిల్ల మాట గదిలో అందరికీ వినపడింది. "నర్సు అనే పిలుస్తారు మామా. పుస్తకంలో 'ఆయా' అని రాసుకుంటారు. ఏంటికి అడుగుతాండావు? మా నాయనకు మాత్రం సెప్పొద్దు."

ఆయన ఫోను జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. కూతురి చేతిలోని సంచి తీసుకుని మెట్లు దిగాడు. ఆమె మాత్రం ఆఫీసు అమ్మాయి వైపు తిరిగి కన్నడంలో ఏదో గట్టిగా అని వెళ్ళింది. అర్థం నేను రాయను.

తర్వాత చిప్పగిరి వైపు నుంచి చెల్లెల్ని తీసుకుని ఒకాయన వచ్చాడు. మళ్ళీ చదివాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు.

"నువ్వు వేరే కాలేజీ మనిషివా అవ్వా? ఈన దగ్గర పిల్లోళ్ళను లాక్కోను వచ్చినావా?"

"నేను ఏ కాలేజీ మనిషినీ కాదప్పా. ఈ పాపను రెండేళ్ళ కింద ఇక్కడ చేర్పించిన మనిషిని."

మా పిల్ల అప్పటిదాకా తల వంచుకుని ఉంది. అప్పుడు తల ఎత్తి ఆ చెల్లెలితో, "నేనీడ సదివినాను. నర్సును కాదంట" అంది. నేను చదివిన కరపత్రం కంటే ఆ మాట గట్టిగా పనిచేసింది. వాళ్ళూ వెళ్ళిపోయారు.

ఆఫీసు అమ్మాయి వచ్చి, సారు మిమ్మల్ని లోపలికి వచ్చి కాఫీ తాగమన్నాడంది. కాఫీ తాగనని, ఈ రోజంతా ఇక్కడే ఉంటానని, రేపు కూడా వస్తానని చెప్పాను. ఒంటిగంట ఇరవైకి ఆయనే ఒక కవరు పట్టుకుని వచ్చి నా ఒళ్ళో పడేశాడు. నేను ఒక్కో కాగితం తీసి పేరు, పుట్టిన తేదీ, హాల్ టికెట్ నంబరు చూశాను. టి.సి. లేదు. అది కనపడటం లేదన్నాడు. అయితే కనపడేదాకా కూర్చుంటానని కరపత్రం మళ్ళీ తెరిచాను. తొమ్మిది నిమిషాల్లో కనపడింది.

"ఒక్క పాప కోసం ముప్పై మంది పిల్లోళ్ళ భవిష్యత్తు చెడగొడతాండావు తల్లీ" అన్నాడు మెట్ల దగ్గర.

"ముప్పై మంది ఉన్నారా? అయితే రేపు తప్పకుండా వస్తాను" అన్నాను.

శనివారం నిజంగానే వెళ్ళాను. తలుపుకు తాళం వేసి ఉంది. ఆ తర్వాత తెరిచారని విన్నాను. నర్సుగా ఉన్న నా పాత విద్యార్థిని చెప్పినచోటికి, కలెక్టరు కార్యాలయానికి, రెండింటికీ రిజిస్టరు పోస్టులో ఫిర్యాదు రాశాను. అందినట్టు రెండు అట్టముక్కలు తిరిగి వచ్చాయి. ఇది రాసే రోజు దాకా అంతకు మించి ఏమీ రాలేదు.

పదిహేనో తేదీ ఆదివారం మా ఇంట్లో దరఖాస్తు నింపాం. తల్లీ తండ్రీ కూడా వచ్చారు. నేను తప్పు చదివానని, నా మాట మీద రెండేళ్ళు పోయాయని వాళ్ళ ముందు చెప్పాను. తండ్రి, "మీరేం జేస్తారమ్మా, అట్ల రాసినోనిది తప్పు గానీ" అన్నాడు. అంత సులువుగా నన్ను వదిలేయడం నాకు నచ్చలేదు. ఆయన నన్ను రెండు మాటలు అని ఉంటే బాగుండేది.

దరఖాస్తులో ఒక గడి ఉంది: ఇతర విద్యార్హతలు. పిల్ల అక్కడ పెన్ను పెట్టింది.

"అక్కడ గీత కొట్టు" అన్నాను.

"డిప్లొమా రాస్తానవ్వా."

"రాయొద్దు. అది అర్హత కాదు."

"రెండేండ్లు సదివినాను గదా."

"చదివినావు. అర్హత కాదు."

"నేను సూది ఏసినోళ్ళకు జొరం తగ్గింది. బీపీ సూసినాను. కాన్పులో పక్కన నిలబడినాను. అదంతా యాడికి పోయింది మళ్ళ? అదంతా అబద్ధమా? మా యమ్మ ఆ గౌను, టోపీ పెట్టుకున్న ఫోటో గోడకు కొట్టింది. ఫంక్షన్ హాల్లో అందరి ముందర నా పేరు పిలిచినారు. అది కూడా గీత కొట్టల్లనా?"

వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు జాలి కలిగిన మాట నిజం. దాంతోపాటు కోపం కూడా వచ్చింది. వ్యాకరణం ఎంత వచ్చినా నా టైటిలు టైటిలే అని నాతో అన్నవాళ్ళ పక్షాన కూర్చుని, ఈ రోజు నేనే ఆ మాట ఈ పిల్లకు చెప్తున్నాను. చేతికి పని వచ్చు, కాగితం లేదు అన్న బాధ నాకంటే ఎవరికి తెలుసు? అయినా ఆమె పెన్ను వదిలేదాకా నేను ఆ గడి మీద వేలు తీయలేదు. గుర్తింపు లేని కోర్సు పేరు అక్కడ రాస్తే, చూసేవాళ్ళు ఇంకో పది ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలకు మా దగ్గర జవాబు లేదు.

చివరికి ఆమె గీత కొట్టింది. చాలా గట్టిగా కొట్టింది. అవతలి పేజీకి అచ్చు పడింది.

పదహారో తేదీ కర్నూలులో ఇచ్చి వచ్చాం. గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. సీటు సెప్టెంబరులో వచ్చింది, కర్నూలులోనే, హాస్టలుతో సహా. పూర్తయ్యేసరికి ఆమెకు ఇరవై మూడు నిండుతాయి. ఆ తర్వాత కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కాలి. ఇరవై ఒకటికి కావలసింది రెండేళ్ళు వెనక్కి జరిగింది. ఆ రెండేళ్ళు ఏ ఫిర్యాదు మీదా తిరిగి రావు.

చేరిన మూడో వారంలో హాస్టలు నుంచి ఫోను చేసింది.

"అవ్వా, ఈ రోజు మంచం మీద దుప్పటి పరచడం నేర్పినారు."

నాకు ఒళ్ళు మండింది. "రెండేళ్ళు చేసినదానివి! నాకు వచ్చని చెప్పలేదా?"

"సెప్పినాను. అయితే నువ్వే ముందు పరిచి సూపీమ్మా అన్నారు మేడం. పరిచినాను. మూల మడత తప్పంట."

"మూలలో తప్పేముంది?"

"నేను మడిస్తే కాసేపటికి వదులయితాదంట. వదులైతే దుప్పటి ముడత పడతాది. లేవలేనోళ్ళకు ఆ ముడత ఒత్తుకుని వీపు మీద పుండు లేస్తాది అన్నారు. మడత ఎట్ల వేయల్లనో, ఏంటికి వేయల్లనో సెప్పినారు. అవ్వా, ఆ మేడ మీద రెండేండ్లలో ఏంటికి అనే మాట ఒక్కరూ సెప్పలేదు."

ఆ పిల్ల గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది.

"పోయిన సంవత్సరం ఆదోనిలో ఒక ముసలామె ఉండె. తుంటి విరిగి, నెలన్నర మంచం మీదనే. దినామూ ఆమెకు నేనే పరిచేదాన్ని. వీపు మండుతాది పాపా అనేది. పౌడరు పూసి పోతాంటిని."